ఫ్రెంచి సంభాషణ పరీక్ష: రెండు భాషల నోటికి మూడవ భాష

ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకొని నూటికి తొంబదికి పైగా మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి, ఒక ఫ్రెంచివాడు ఎదురై “మీ ఊరేది?” అని అడిగితే నోరు మెదపలేకపోవుట మన ప్రాంతంలో వింత కాదు. ఇంటర్మీడియట్‌లో ఆ భాషను మార్కుల కొరకు ఎన్నుకొనే ఆచారము మన రెండు తెలుగు రాష్ట్రాలలోను ఉన్నది. ఆ చదువు ప్రధానంగా కాగితము మీది చదువు. ప్రశ్నను చూచి జవాబు వ్రాయుట అలవాటవుతుంది గాని, ప్రశ్నను విని జవాబు చెప్పుట అలవాటు కాదు. తరువాత ఎప్పుడో ఫ్రాన్సులో ఉన్నత విద్యకో, కెనడాలో స్థిరపడుటకో ఫ్రెంచి ప్రావీణ్య పరీక్ష వ్రాయవలసి వచ్చినపుడు, చదువుటలోను వ్రాయుటలోను నెగ్గినవారు మాట్లాడే ఘట్టంలో చతికిలబడుతున్నారు.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు విద్యార్థులు ఆ ఘట్టానికి ఎట్లు సిద్ధపడవలెనో వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలకు “మీ భాషలే మీకు అడ్డము” అని చెప్పేవారు కొందరున్నారు. మా అభిప్రాయము దీనికి పూర్తిగా విరుద్ధము. ఈ రెండు భాషలు కలిసి ఫ్రెంచి ఉచ్చారణకు, వాక్యరచనకు చేసే సహాయము ఇంగ్లీషు చేయజాలదు. అది ఎట్లో ముందు ముందు చూతము.

జగ్గయ్యపేటకు ఫ్రెంచితో ఏమి సంబంధము?

ఈ ప్రశ్న విద్యార్థులు తరచు అడిగేదే. సమాధానము మన కృష్ణానదీ తీరంలోనే ఉన్నది. ఫ్రెంచివారు 1669లో గోలకొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో వర్తక స్థానము నెలకొల్పినారు. అచ్చటి ఫ్రెంచిపేట ఆ పేరును నేటికీ నిలుపుకొన్నది. ఆ చిన్న స్థావరము 1947లో గాని భారతదేశానికి అప్పగింపబడలేదు. గోదావరి తీరాన యానాము 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్నది. తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న మారిషస్ ద్వీపంలో ఫ్రెంచి నిత్యవ్యవహార భాషలలో ఒకటి.

పదిహేడవ శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు వజ్రాల కొరకు గోలకొండ రాజ్యంలో సంచరించి, 1676లో తన యాత్రా గ్రంథమును ప్రకటించినాడు. కర్నూలు ప్రాంతపు రామళ్ళకోట గనుల వద్ద జరిగే బేరమును అతడు చక్కగా వర్ణించినాడు. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుండి, గుడ్డ మాటున ఒకరి చేతిని మరొకరు పట్టుకొని, వ్రేళ్ళ గుర్తులతో ధర తేల్చుకొనేవారట. నోట ఒక్క మాట వచ్చేది కాదు.

వజ్రాల బేరము మౌనంగా సాగవచ్చును గాని రాజ్య వ్యవహారము సాగదు. 1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినపుడు ముస్తఫానగర్ అని పిలువబడిన కొండపల్లి సర్కారు కూడ అందులో చేరినది. మన నందిగామ పరగణా ఆ సర్కారులోనిదే. ఆనాటి ఫ్రెంచి సేనాని బుస్సీకి కుడిభుజముగా నిలిచినవాడు అబ్దుల్ రహమాన్. హైదర్ జంగు అనే బిరుదుతో చరిత్రకెక్కినాడు. ఫ్రెంచి మాట్లాడగలిగినందువలననే అతడు దుబాసీగా ప్రవేశించి, దివాను పదవి వరకు ఎదిగినాడు. 1758లో ఔరంగాబాదులో హత్యకు గురయ్యేవరకు నిజాము దర్బారుకు, ఫ్రెంచి శిబిరానికి నడుమ మాట అతనిదే. అతని రాజకీయాలను ఎవరెట్లు తూచినను, ఒక విషయము నిర్వివాదము. ఆ కాలంలో ఫ్రెంచి నోటికి వచ్చినవాడు మన ప్రాంతపు ఉర్దూ, పారసీక వాతావరణంలో పెరిగినవాడే.

పరీక్ష స్వరూపము

శత్రువు బలము తెలియక యుద్ధానికి పోరాదు. కావున ముందు పరీక్షను తెలిసికొందము. విద్యార్థులకు ఎక్కువగా ఉపయోగపడేది డెల్ఫ్ అనే పరీక్ష. దీనిని ఫ్రెంచి విద్యాశాఖ 1985లో ఏర్పరచినది. దీనిలో ఎ1, ఎ2, బి1, బి2 అని నాలుగు మెట్లు కలవు. ప్రతి మెట్టులోను వినుట, చదువుట, వ్రాయుట, మాట్లాడుట అని నాలుగు భాగములు, ఒక్కొక్కటికి 25 మార్కులు. మొత్తము మీద 50 వస్తే ఉత్తీర్ణత. కాని ఏ ఒక్క భాగంలోనైనను 5కు తక్కువ వస్తే, మిగిలిన మూడింట ఎన్ని వచ్చినను పరీక్ష పోయినట్లే. నోరు విప్పనివానిని వ్రాత రక్షింపదు.

మాట్లాడే భాగము మెట్టును బట్టి మారుతుంది. ఎ1లో అయిదు నుండి ఏడు నిమిషాలు, ఎ2లో ఆరు నుండి ఎనిమిది నిమిషాలు పరీక్ష. ముందు పది నిమిషాల సన్నాహ సమయము ఇస్తారు. మొదట తన్ను గూర్చి చెప్పుకొనుట ఉంటుంది. తరువాత ఎ1లో చీటీల మీది మాటలను బట్టి ప్రశ్నలు వేయుట, ఎ2లో ఒక విషయము మీద కొంతసేపు స్వయంగా మాట్లాడుట. చివర రెండింటిలోను అంగడిలోనో, స్టేషనులోనో జరిగినట్లు నటించే సంభాషణ. బి1లో పరీక్ష సుమారు పదిహేను నిమిషాలు. పరిచయము, ఏదో ఒక చిక్కును మాటలతో పరిష్కరించుకొనుట, చిన్న పాఠ్యము చదివి అభిప్రాయము చెప్పుట దీని అంగములు. పది నిమిషాల సన్నాహము ఆ చివరి అంగమునకు మాత్రమే. బి2లో ముప్పది నిమిషాలు సన్నాహము, ఇరువది నిమిషాలు పరీక్ష. ఒక విషయము మీద తన వాదమును నిలబెట్టి, పరీక్షకుని ఎదురు ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను.

కెనడాకు పోదలచినవారు టి.సి.ఎఫ్. కెనడా, టి.ఇ.ఎఫ్. కెనడా అనే పరీక్షలలో ఒకటి ఇస్తారు. ఆ దేశము 2023 నుండి తన వలస విధానంలో ఫ్రెంచి వచ్చినవారికి ప్రత్యేక వర్గము ఏర్పరచుటచే వీటికి ప్రాముఖ్యము పెరిగినది. టి.సి.ఎఫ్.లో పన్నెండు నిమిషాలు, మూడు పనులు. టి.ఇ.ఎఫ్.లో పదిహేను నిమిషాలు, రెండు పనులు: ఒక ప్రకటన చూచి వివరములు రాబట్టుట, మరొక ప్రకటన చూపి మిత్రుని ఒప్పించుట. ఇవన్నియు చూచిన పిమ్మట ఒక సత్యము బోధపడుతుంది. పేర్లు వేరైనను అడిగే శక్తులు నాలుగే. తన్ను గూర్చి చెప్పుట, ప్రశ్న వేయుట, పని జరుపుకొనుట, అభిప్రాయమును సమర్థించుకొనుట. మనము సిద్ధపడవలసినది ఈ నాలుగింటికే.

ధ్వనులు: ఉర్దూ ఇచ్చే వరము, తెలుగు ఇచ్చే వరము

ఇంగ్లీషు ద్వారా ఫ్రెంచి నేర్చినవారు ఇంగ్లీషు ఉచ్చారణను మోసుకొని వస్తారు. మొదట దానిని దింపవలెను. ఫ్రెంచి త, ద లు మన తెలుగు త, ద లే. ట, డ లు కావు. బల్ల అనే అర్థము గల మాట “తాబ్ల్” గాని “టేబుల్” కాదు. క, ప లు కూడ మనవలె ఒత్తు లేకుండ పలుకుతారు. ఇంగ్లీషువలె ఒక అక్షరము మీద బరువు వేసి తక్కినవాటిని మ్రింగుట ఫ్రెంచిలో లేదు. తెలుగులోవలె అక్షరాలన్నియు సమముగా నడుస్తాయి.

ఇక ఉర్దూ చేసే సహాయము. ఫ్రెంచి “ర” నాలుక కొనతో పుట్టదు, గొంతు వెనుక నుండి పుడుతుంది. ఉర్దూలో “గరీబ్”, “బాగ్” అనే మాటలలోని గైన్ అక్షరపు ధ్వని దానికి చాల దగ్గర. రెండవది “జే” అక్షరము. “జమీన్”, “బాజార్” అనునపుడు ఉర్దూ విద్యార్థి పలికే జకారము తెలుగు జకారము కాదు. ఇది చిన్న భేదమని త్రోసివేయరాదు. ఫ్రెంచిలో “ప్వాసోఁ” అనగా చేప. అదే మాటను సకారానికి బదులు ఆ జకారముతో పలికితే విషము. అంగడిలో చేపలు కొనే సంభాషణలో విషము అడిగితే పరీక్షకుడు నవ్వుకొనవచ్చును గాని మార్కులు వేయుటకు సంకోచిస్తాడు. మూడవది హలంతము. తెలుగువారు హల్లుతో ముగిసే మాటకు ఉకారము తగిలిస్తారు. బస్సు, కారు అట్లు వచ్చినవే. ఫ్రెంచిలో “తో” అనే అర్థము గల “అవెక్” అనే మాట “అవెక్కు” కారాదు. “కితాబ్”, “మకాన్” అనే నోటికి ఈ కష్టము లేదు.

నాలుగవది అనునాసికము. ఉర్దూలో “మాఁ”, “హాఁ”, “నహీఁ” అనునపుడు గాలి ముక్కు గుండ పోతుంది. న, మ లు వినబడవు. తెలుగువారికి కూడ ఇది పూర్తిగా అపరిచితము కాదు. మన వ్యాకరణములోని అరసున్న ఇట్టి ధ్వనికే గుర్తు. “వాఁడు” అని పద్యంలో చదివినవారికి “బోఁ” అనగా మంచి, “పేఁ” అనగా రొట్టె, “అఁఫాఁ” అనగా బిడ్డ అని పలుకుట కష్టము కాదు. ఈ వ్యాసంలో అనునాసికానికి అరసున్ననే వాడుతున్నాము.

తెలుగు చేసే సహాయము అంతకంటె గొప్పది. అది సంధి. “రాముడు” ప్రక్కన “అతడు” వస్తే ఉకారము లోపించి “రాముడతడు” అగుట మనకు చిన్ననాటి పాఠము. ఫ్రెంచిలో “ల” అనే పుంలింగ ఉపపదము ప్రక్కన మిత్రుడని అర్థము గల “అమి” వస్తే “లామి” అవుతుంది. స్త్రీలింగపు “లా” ప్రక్కన బడి అని అర్థము గల “ఎకోల్” వస్తే “లెకోల్” అవుతుంది. అచ్చు పరమైనప్పుడు పూర్వపు అచ్చు పోవుటయే రెండు చోట్లను సూత్రము. మరొక విధముగా, మామూలుగా పలుకని చివరి హల్లు తరువాతి అచ్చుతో కలిసి మేల్కొంటుంది. “వూ” అనగా మీరు. “ఆవే” అనగా కలిగియున్నారు. రెండును కలిసి “వూజావే”. దీనిని విడదీసి పలికేవాడు పుస్తకము చదువుతున్నట్లుంటాడు. కలిపి పలికేవాడు మాట్లాడుతున్నట్లుంటాడు.

రెండు భాషలలోను లేని అచ్చులు ఫ్రెంచిలో ఉన్నవి. వాటిలో ముఖ్యమైనదానికి ఉపాయము ఇది. నోటిలోపల “ఈ” అంటూ, నాలుక కదలనీయకుండ, పెదవులను మాత్రము “ఊ” కొరకు వలె గుండ్రము చేయవలెను. పైన అనే మాటకు, క్రింద అనే మాటకు ఫ్రెంచిలో భేదము ఈ ఒక్క అచ్చే. అద్దము ముందు రోజుకు అయిదు నిమిషాలు సాధన చేస్తే రెండు వారాలలో పట్టుబడుతుంది.

పై విషయమును బట్టి మేము చేసే ముఖ్య సూచన ఒకటి కలదు. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థి, తెలుగు మాతృభాషగా గల విద్యార్థి జంటగా కూడి అభ్యసించవలెను. గైన్, జే, అనునాసికము, హలంతము మొదటివారు నేర్పుతారు. సంధి, సమమైన అక్షర నడక రెండవవారు నేర్పుతారు. ఇరువురికీ గురువు దొరికినట్లు, ఇరువురికీ శిష్యుడు దొరికినట్లు అవుతుంది. రెండు భాషల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చునే కళాశాలకు ఇది సహజ సంపద.

వాక్యము నడిచే దారి

తెలుగులో క్రియ చివర వస్తుంది. కావున మన విద్యార్థి వాక్యమంతయు మనస్సులో తెలుగులో కూర్చి, తరువాత దానిని త్రిప్పి ఫ్రెంచి చేయబోయి మధ్యలో ఆగిపోతాడు. దీనికి మందు చిన్న వాక్యము. కర్త, వెంటనే క్రియ, తరువాత మిగిలినది. పెద్ద వాక్యము కావలసి వచ్చినపుడు ఉర్దూ దారి చూపుతుంది. తెలుగులో “వర్షము వస్తుందని అనుకొంటున్నాను” అంటాము. అనుకొనుట చివరకు పోయినది. ఉర్దూలో “మైఁ సమఝ్‌తా హూఁ కె” అని ముందే చెప్పి, “కె” తరువాత విషయము చెబుతారు. ఫ్రెంచిలో “జె పాఁస్ క” అనేది సరిగా ఆ వరుసయే. “కె” ఉన్న చోట “క” పెట్టుకొంటే సగము వాక్యము సిద్ధమైనట్లే.

లింగ విషయంలో మాత్రము జాగ్రత్త వలెను. ప్రాణము లేని వస్తువులకు కూడ స్త్రీ పుం భేదముండుట ఉర్దూ విద్యార్థికి వింత కాదు. కాని ఆ లింగము ఈ లింగము ఒకటి కావు. ఉర్దూ “కితాబ్” స్త్రీలింగము; ఫ్రెంచి “లివ్ర్” పుంలింగము. ప్రతి నామమును దాని ఉపపదముతో కలిపియే కంఠస్థము చేయవలెను.

కంఠపాఠము ఎంతవరకు?

మన ప్రాంతంలో కంఠస్థము చేయుట ఒక విద్య. ఒక ఇంటిలో శతక పద్యాలు, మరొక ఇంటిలో షేర్లు, నజ్ములు పిల్లల నోట పలుకుతాయి. దీనివలన నోరు తిరుగుతుంది, గొంతు విచ్చుకొంటుంది. ఆ మేరకు మంచిదే. కాని పరీక్షలో తన్ను గూర్చి చెప్పుకొనే భాగమును పద్యమువలె వల్లించినవానికి ఆపద కలదు. పరీక్షకుడు మధ్యలో “మీ సోదరి ఏమి చేస్తుంది?” అని అడుగుతాడు. వల్లె తెగిపోతుంది.

ఈ సందర్భంలో అష్టావధానము మనకు మంచి ఉపమానము. అవధాని పద్యము నడుపుతూ ఉండగా, అప్రస్తుత ప్రసంగము చేసే పృచ్ఛకుడు సంబంధము లేని ప్రశ్న వేస్తాడు. అవధాని కోపగించడు, తడబడడు. చమత్కారముగా ఒక మాట చెప్పి తన దారికి తాను వస్తాడు. పరీక్షకుడు కూడ అట్టి పృచ్ఛకుడే. అతడు అడ్డుకొనుట మనలను పడవేయుటకు కాదు, మనము నిలిచి మాట్లాడగలమా అని చూచుటకు. కావున కంఠస్థము చేయవలసినవి వాక్యములు గాని వ్యాసములు కావు. అన్ని వేళలా అక్కరకు వచ్చే ఇరువది ముప్పది చిన్న వాక్యములు నోటనుంటే చాలును.

వాటిలో మొదటివి మన ఊరిని గూర్చినవి కావలెను. “జాబీత్ ఆ నందిగామ” అనగా నేను నందిగామలో నివసిస్తాను. “సెత్ యున్ ప్తీత్ వీల్” అనగా అది చిన్న పట్టణము. తరువాత హైదరాబాదు, విజయవాడల నడుమ జాతీయ రహదారి మీద ఉన్నదనీ, చుట్టు మిరప, ప్రత్తి పండుతాయనీ, మునేరు ప్రవహిస్తుందనీ చెప్పవచ్చును. జగ్గయ్యపేట వారైతే వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తండ్రి పేర ఆ ఊరు కట్టించినాడనీ, సిమెంటు కర్మాగారాలు దాపున ఉన్నవనీ చెప్పవచ్చును. పూర్వము కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమనబడిన ఈ భూమి 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నదని చెప్పినా ఒక వాక్యమే. ఐఫెల్ గోపురమును గూర్చి పుస్తకంలోని పది వాక్యముల కంటె మన ఊరిని గూర్చి సొంతముగా చెప్పిన అయిదు వాక్యములు మేలు. తెలిసిన విషయము మీద ఎవరు ప్రశ్న వేసినను జవాబు దొరుకుతుంది.

పని జరుపుకొనే సంభాషణ

రెండవ ఘట్టంలో పరీక్షకుడు దుకాణదారుడో, ఇల్లు అద్దెకిచ్చేవాడో అవుతాడు. ఇక్కడ మర్యాద ప్రధానము. తెలుగులో “నువ్వు”, “మీరు”; ఉర్దూలో “తుమ్”, “ఆప్”; ఫ్రెంచిలో “త్యు”, “వూ”. మన పిల్లలకు ఈ భేదము పాలతో అబ్బినది. ఇంగ్లీషుకు ఇది లేదు. అపరిచితునితో “వూ”, మిత్రునితో “త్యు”. టి.ఇ.ఎఫ్. పరీక్షలో మొదటి పని “వూ”తోను, రెండవది “త్యు”తోను నడుస్తుంది. మధ్యలో కలగాపులగము చేయరాదు.

ప్రవేశించగానే “బోఁజూర్ మదామ్” లేక “బోఁజూర్ మెస్యో” అనవలెను. నాకు కావలెను అనుటకు “జె వో” అనుట మొరటు. “జె వూద్రే” అనవలెను. “ఇవ్వు” అనుటకు, “ఇప్పిస్తారా అండీ” అనుటకు గల భేదమే ఇది. ధర, సమయము, చోటు, షరతులు, రాయితీ అని అయిదు అంశములు గుర్తుంచుకొంటే ఏ ప్రకటనకైనను పది ప్రశ్నలు పుడతాయి. సంతలో మిరపకాయల ధర అడిగిన పిల్లవానికి బేరమాడుట క్రొత్త కాదు. మాటలు మాత్రమే క్రొత్త.

సంఖ్యల విషయంలో ప్రత్యేక సాధన వలెను. ఫ్రాన్సులో డెబ్బదిని అరువది పది అనియు, ఎనుబదిని నాలుగు ఇరువదులనియు, తొంబదిని నాలుగు ఇరువదుల పది అనియు అంటారు. బస్సు టిక్కెట్ల మీది అంకెలను, వాహనాల నంబర్లను ఫ్రెంచిలో చదువుతూ పోతే ఇది తొందరగా అబ్బుతుంది.

అభిప్రాయము, ఎదురు మాట

అన్నిటికంటె మన విద్యార్థులకు కష్టమైనది ఇది. పెద్దలకు ఎదురు చెప్పరాదని మన ఇండ్లలో నేర్పుతారు. అది మంచి సంస్కారము. ముఖ్యముగా గొంతు పెంచి మాట్లాడరాదని పెంపబడిన బాలికలు, పరీక్షకుడు “నేను మీతో ఏకీభవింపను” అనగానే “అవునండీ” అని తల దించుకొంటారు. అచ్చట ముగిసినది వాదము గాదు, మార్కులు. బి1, బి2 మెట్లలో పరీక్షకుడు ఎదురు పల్కుట అతని విధి. అతనికి వినయముతో ఎదురు చెప్పుట మన విధి. వినయమునకు, మౌనమునకు భేదమున్నది. “జె కోఁప్రాఁ వోత్ర్ ప్వేఁ ద వ్యు, మే” అనగా “మీ దృష్టి నాకు అర్థమైనది, కాని” అని అర్థము. ఈ ఒక్క వాక్యము మర్యాదను, మాటను రెండింటిని కాపాడుతుంది.

ఉదాహరణకు ఒక విషయము తీసికొందము. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించినాడు. అందు దొరికిన ప్రసిద్ధమైన మాంధాత శిల్పఫలకము చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. అమరావతి శిల్పములు చెన్నైలోను, లండనులోను, కొన్ని పారిస్ నగరపు గీమే మ్యూజియంలోను ఉన్నవి. “శిల్పములు పుట్టిన చోటికి తిరిగి రావలెనా?” అన్నది ప్రశ్న. రావలెను అని మీ పక్షమనుకొందము. మొదట పక్షమును ఒక్క వాక్యంలో చెప్పవలెను. తరువాత రెండు కారణములు: ఆ ఊరి పిల్లలు తమ చరిత్రను కన్నులార చూడగలరు, శిల్పము తాను పుట్టిన నేల మీదనే పూర్తిగా అర్థమవుతుంది. పిమ్మట ఒక ఉదాహరణము: మాంధాత ఫలకము. తరువాత ఎదుటివారి మాటకు చోటు: పెద్ద మ్యూజియంలో రక్షణ ఎక్కువ అనుట నిజమే. చివర సమాధానము: ఊరిలోనే మంచి మ్యూజియము కట్టిన పిమ్మట తేవలెను. ఈ అయిదు మెట్లు ఏ విషయానికైనను పనికివస్తాయి. పరీక్షకుడు మీ పక్షము ఏదని చూడడు. దానిని నిలబెట్టిన తీరును చూస్తాడు.

మాట దొరకనప్పుడు

మాట దొరకకపోవుట ఎంతటివారికైనను సహజము. మార్కులు పోయేది దానికి కాదు, మౌనమునకు. ఉర్దూలో “యానీ” అనియు, తెలుగులో “అనగా” అనియు మనము ఊపిరి తీసికొంటాము. ఫ్రెంచిలో “సెతాదీర్” అంటారు. “ఎ బియేఁ”, “అలోర్” అనేవి కూడ అట్టివే. ప్రశ్న అర్థము కాకపోతే “వూ పూవే రెపెతే, సిల్ వూ ప్లే?” అని మరల చెప్పుమని అడుగవచ్చును. అడుగుట తప్పు కాదు. అర్థము కానిదానికి అవునని తలయూపుట తప్పు. “మిక్సీ” అనే మాట రాకపోతే “పచ్చడి చేసే యంత్రము” అని చుట్టు త్రిప్పి చెప్పవచ్చును. తప్పు పలికి తానే దిద్దుకొన్నవానిని పరీక్షకుడు మెచ్చుకొంటాడు.

పన్నెండు వారాల ప్రణాళిక

మన రెండు ఊళ్ళలో ఫ్రెంచి మాట్లాడేవారు దొరకరు. అయినను సాధనకు లోటు లేదు. మొదటి మూడు వారాలు ధ్వనులకు: రోజుకు అరగంట, జంటగా, గట్టిగా చదువుట. తరువాతి మూడు వారాలు తనను, ఇంటిని, ఊరిని గూర్చి. పుస్తకము మూసి చెప్పుట. ఏడవ వారము నుండి తొమ్మిదవ వారము వరకు సంభాషణలు: ఒకరు దుకాణదారు, ఒకరు కొనేవారు, మరునాడు పాత్రలు మార్చుకొనుట. చివరి మూడు వారాలు అభిప్రాయములు: గడియారము ముందుంచుకొని, ప్రతి దినము ఒక విషయము. చేతిలోని ఫోనులో తన మాట రికార్డు చేసికొని, మరునాడు తానే విని మూడు లోపములు వ్రాసికొనవలెను. మూడే చాలును; ముప్పది వ్రాసికొన్నవాడు నాలుగవనాడు మానివేస్తాడు.

వినుటకు ఫ్రెంచి అంతర్జాతీయ రేడియో వారి సులభ భాషా వార్తలు ఉపయోగము. పది నిమిషాలు విని, ఒక్క వార్తను రెండు వాక్యములలో తిరిగి చెప్పవలెను. జగ్గయ్యపేట నుండి నందిగామకు బస్సులో వచ్చే విద్యార్థి కిటికీలో కనిపించినదానిని మనస్సులో ఫ్రెంచిలో చెప్పుకొంటూ వస్తే, ఆ ప్రయాణమే ఒక తరగతి. చివరి వారంలో ఒక్కసారియైనను పరిచయము లేని వ్యక్తి ముందు కూర్చుండి మాట్లాడవలెను. మిత్రుని ముందు నడిచిన నోరు క్రొత్తవారి ముందు కట్టుబడుట సామాన్యము. ఆ భయము పరీక్షకు ముందే తీరిపోవలెను.

పరీక్ష కొరకు మనవారు సాధారణముగా హైదరాబాదులోని అలియాఁస్ ఫ్రాఁసేజ్‌కు పోతారు. ముందునాడే చేరి, నిద్రపోయి, గుర్తింపు పత్రముతో వేళకు ముందుగా హాజరు కావలెను. విషయము నిర్ణయించే చీటీలు రెండు తీస్తే అందులో ఒకటి ఎన్నుకొనవచ్చును. తేలికగా కనిపించినదానిని గాక, తనకు చెప్పుటకు ఏదైన ఉన్నదానిని ఎన్నుకొనవలెను. సన్నాహ సమయంలో కాగితము మీద వాక్యములు వ్రాయరాదు. మాటలు మాత్రమే వ్రాయవలెను. వాక్యములు వ్రాసినవాడు చదువుతాడు. మాటలు వ్రాసినవాడు మాట్లాడుతాడు.

చివరిగా ఒక మాట

హైదరాబాదులో 1908లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఉర్దూ వాతావరణంలో పెరిగినవారు. ఆయన పారిస్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, దశాబ్దాలు ఆ నగరంలో పరిశోధన సాగించి, 1959లో ఖురాను గ్రంథానికి ఫ్రెంచి అనువాదము ప్రకటించినారు. పరభాషలో అంత ఎత్తుకు ఎదుగుటకు ఆయన తన భాషను విడువలేదు. ఉర్దూలోను జీవితాంతము వ్రాసినారు.

మన విద్యార్థులందరు అంతటి పండితులు కానక్కర లేదు. ఇరువది నిమిషాలు ఒక అపరిచితుని ఎదుట కూర్చుండి, తన ఊరిని పరిచయము చేసి, తనకు కావలసినది అడిగి, తన అభిప్రాయమును తల దించకుండ చెప్పగలిగితే చాలును. ఆ శక్తి ఫ్రెంచి పరీక్షకే గాక ఉద్యోగపు ఇంటర్వ్యూకు, ఆఫీసు కిటికీ ముందు నిలబడుటకు, సభలో లేచి ప్రశ్న వేయుటకు కూడ పనికివస్తుంది. రెండు భాషలు పలికే నోటికి మూడవది బరువు కాదు. కావలసినది నేడే నోరు విప్పుట.